నడక రాని బిడ్డకు దెబ్బ ఎలా తగిలింది?

ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అందుకే చాలామంది తల్లులు మళ్లీ పనిలో చేరేసరికి బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటాయి. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని చట్టం చెబుతోంది. అది లేకపోయినా, దూరమైనా బిడ్డ ఇంట్లో ఆయా చేతికి వస్తుంది. అప్పుడప్పుడే బోర్లా పడుతున్న ఆ వయసుకు సంబంధించి ఒక లెక్క ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో మామూలు చెకప్‌కు వచ్చిన మూడేళ్లలోపు పిల్లలు 973 మందిని పరిశీలించి, 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు నెలలు నిండని 366 మందిలో కమిలిన మచ్చలున్నది ఇద్దరికే. పట్టుకుని నడిచే పిల్లల్లో నూటికి 18 మందికి, సొంతంగా నడిచేవారిలో 52 మందికి ఉన్నాయి. నడిచే పిల్లలు పడతారు. మోకాలు, మోచెయ్యి, నుదురు కమలడం సహజం. కదలలేని బిడ్డ ఒళ్లు సాధారణంగా దానంతటది కమలదు.

ఎక్కడ కమిలిందన్నదీ ముఖ్యమే. నాలుగేళ్లలోపు పిల్లలకు ఛాతీ, పొట్ట, వీపు, చెవి, మెడ, బుగ్గ కండ, కనురెప్ప, దవడ మూల కమిలినా, పెదవి లోపలి సన్నని పొర చిరిగినా, వేళ్ల అచ్చులు పడినా డాక్టర్లు అనుమానిస్తారు. ఐదు నెలలు నిండని బిడ్డకైతే ఎక్కడున్నా సరే. ఈ సూత్రాన్ని 2,161 మంది పిల్లలపై సరిచూసి 2021లో ఫలితాలు ప్రకటించారు. హింసకు గురైన నూరుగురిలో 95 మందిని అది పట్టుకుంది. ప్రమాదంలో దెబ్బ తగిలిన నూరుగురిలో 13 మందిని తప్పుగా అనుమానించింది కూడా. కాబట్టి మచ్చ కనబడగానే ఆయాను దోషిని చేయకూడదు, డాక్టరుకు చూపించాలి. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుం కింద, పిరుదుల మీద నీలిరంగు మచ్చలుంటాయి. అవి దెబ్బలు కావు. పుట్టినప్పుడే ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత గందరగోళం ఉండదు.

ఆయాలందరినీ అనుమానించమని ఈ అంకెలు చెప్పడం లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం కోసం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. అమెరికాలో 2001 నాటి ఒక విశ్లేషణ ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలపై పోలీసుల దాకా వెళ్లిన నేరాల్లో ఇంటికొచ్చి పిల్లల్ని చూసేవారి వాటా 4.2 శాతం. అయితే మాటలు రాని బిడ్డ ఫిర్యాదు చేయలేదు కదా, పోలీసు లెక్కకు అందనివి ఎన్నో ఉంటాయి.

పసిబిడ్డ ఏడుపు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తారస్థాయికి చేరుతుంది. ఎత్తుకున్నా, పాలిచ్చినా ఆగని ఆ ఏడుపుకు విసిగిన మనిషి బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు, పైకి గాయమే కనబడకపోవచ్చు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, పదేపదే వాంతి చేసుకున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వంట, అంట్లు, బట్టలు, పసిబిడ్డ అన్నీ పన్నెండు గంటలు ఒక్క మనిషి మీదే పడేయడం ప్రమాదాన్ని మనం చేజేతులా పెంచుకోవడమే. “ఏడుపు భరించలేకపోతే మంచం మీద కాదు, ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు బయటికి రామ్మా, నాకు ఫోన్ చెయ్యి, నిన్నేమీ అనను” అని మొదటిరోజే చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. ఇంట్లో పెట్టిన కెమెరా జరిగింది చూపిస్తుంది, జరగకుండా ఆపేది చాలా తక్కువ. ఆయాను పంపిన బ్యూరో ఇచ్చిన కాగితంతో సరిపెట్టుకోకుండా పాత యజమానులు ఇద్దరితో మాట్లాడటం, పోలీస్ వెరిఫికేషన్, మొదటి వారం అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉండటం, చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికి రావడం నాకు ఎక్కువ పనికొచ్చేవిగా కనిపిస్తాయి.

అనుమానం బలపడితే ఆరోజే బిడ్డను ఆయా దగ్గర ఉంచడం మానాలి. మచ్చలను తేదీతో ఫొటో తీసి, పిల్లల డాక్టరుకు చూపించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. అది రాత్రీపగలూ పనిచేస్తుంది. బాధ్యతలో ఉన్న బిడ్డను హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసీ చెప్పకపోవడం కూడా అందులో నేరమే, ఆరు నెలల దాకా శిక్ష ఉంది. మాటలొచ్చిన బిడ్డనైతే “ఆంటీ కొట్టిందా?” అని అడగకూడదు, జవాబు మనమే నోట్లో పెట్టినట్టవుతుంది. “ఇవాళ ఏం జరిగింది నాన్నా?” అని అడిగి, వాడు చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి.