24 బస్తాల స్పాంజి, ఒక్క గింజంత మందు

మనం నెలకోసారి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాలు 24 వరసగా పేర్చినట్టు ఊహించుకోండి. 600 కిలోలు. జపాన్ శాస్త్రవేత్తలు హిరాటా, ఉఎమురా అంత బరువు సముద్రపు స్పాంజిని ద్రావకాల్లో నానబెట్టి, వడగట్టి, మళ్లీ మళ్లీ వేరుచేస్తే చివరికి మిగిలిన హాలికాండ్రిన్-బి అనే పదార్థం 12.5 మిల్లీగ్రాములు. దాదాపు ఒక సన్నబియ్యం గింజ బరువు! ఆ ఫలితాన్ని 1986లో ప్రకటించారు.

ఆ గింజ కోసం ఇంత పాటెందుకు? కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాల్లాంటి పోగులు పెరిగి, క్రోమోజోములను చెరోవైపుకీ లాగుతాయి. వీటిని సూక్ష్మనాళికలంటారు. హాలికాండ్రిన్ ఆ పోగు కొసను పట్టుకుని ఇక పెరగనివ్వదు. చీలలేని క్యాన్సర్ కణం చచ్చిపోతుంది.

స్పాంజిలోనే ఎందుకు వెతకాలి? దానికి వెన్నెముక లేదు, కాళ్లు లేవు, రాతికి అతుక్కునే బతుకు. చేప కొరకడానికి వస్తే పారిపోలేదు. అలాంటి జీవులు చాలావాటికి రసాయనాలే రక్ష.

మరి ఇంకా ఎక్కువ స్పాంజి తెస్తే సరిపోదా? న్యూజిలాండ్‌లో వేరే జాతి స్పాంజిని టన్ను తీస్తే 310 మిల్లీగ్రాములు వచ్చింది. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ 500 మాత్రలో మందు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సముద్రాన్ని ఊడ్చినా ఆస్పత్రులకు చాలదు.

దారి ప్రయోగశాలలో దొరికింది. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం ఆ అణువును మొత్తంగా నిర్మించింది. ఆ తర్వాత తేలిన సంగతి నాకు అన్నిటికన్నా అపురూపం: క్యాన్సర్‌ను ఆపడానికి అణువులో దాదాపు సగం చాలు! ఆ సగాన్ని కాస్త మార్చి చేసిందే ఎరిబులిన్. దాన్ని తయారుచేయడానికీ 60కి పైగా రసాయన దశలు పడతాయి, కానీ ఒక్క స్పాంజీ అక్కర్లేదు. 2010 నవంబరులో, ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు అమెరికా దీన్ని అనుమతించింది.

మోతాదు ఎంత? శరీర ఉపరితలం చదరపు మీటరుకు 1.4 మిల్లీగ్రాములు. 1.6 చదరపు మీటర్ల మహిళకు 2.24. 21 రోజుల విడతలో రెండు సూదులు. హాలికాండ్రిన్, ఎరిబులిన్ ఒకే పదార్థం కాదుగానీ, లెక్కకోసం చూస్తే ఆ 24 బస్తాల సరుకు ఒక్క మనిషికి మూడో విడత రెండో సూదికే చాలదు.

ఇది జబ్బును నయం చేస్తుందా? లేదు. అప్పటికే పలు చికిత్సలు పొందిన 762 మంది మహిళల్లో పరీక్షించారు. ఎరిబులిన్ తీసుకున్నవారిలో సగం మంది 13.1 నెలలు దాటి బతికారు. డాక్టరు ఎంచుకున్న ఇతర చికిత్సల్లో అది 10.6 నెలలు. తేడా రెండున్నర నెలలు. బిడ్డ పెళ్లి చూడాలని ఎదురుచూసే తల్లికి అది తక్కువ కాలమని నేననను. కానీ మందు తెల్లరక్తకణాలను తగ్గిస్తుంది, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కవచ్చు. అందుకే సూది నరంలోకి ఎక్కించడానికి ఐదు నిమిషాల్లోపే పట్టినా, ప్రతిసారీ ముందు రక్తపరీక్ష చేసి, కణాలు సరిపడా ఉన్నాయో లేదో చూస్తారు.