నేల అడుగున రైలు స్టేషను

చెన్నై ప్రయాణమంటే మన చీరాల, ఒంగోలు వాళ్ళకి పినాకినీ ఎక్కడం, సెంట్రల్లో దిగడం, ఆటోవాడితో బేరమాడటం. ఇప్పుడు ఆ సెంట్రల్ పక్కనే నేల అడుగున ఇంకో స్టేషను ఉంది. 2018 మే నెలలో తెరిచారు. మన దేశంలో భూగర్భ రైలు మొదట నడిచింది కలకత్తాలో, 1984లో. హైదరాబాదు మెట్రో స్తంభాల మీద పోతుంది కనక మనలో చాలామందికి ఇది కొత్తే.

మా అత్తయ్యగారిని కంటి పరీక్షకి తీసుకువెళ్తూ కిందికి దిగే మెట్లు చూపిస్తే, "బతికుండగానే భూమిలోకి దేనికే?" అన్నారు. ఇంత ఊరి కింద ఎలా తవ్వారని ఆవిడ అనుమానం. ఇసక నేలల్లో బావి గోడ కూలకుండా సిమెంటు వరలు దించుతారు చూడండి, అదే పని అడ్డంగా చేశారనుకోండి. పెద్ద యంత్రం మట్టిని తొలుచుకుంటూ పోతుంటే, దాని వెనకాలే కాంక్రీటు ముక్కలు కలిపి ఒక్కొక్క వరా బిగించుకుంటూ వస్తారు. పైన బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

ప్లాట్‌ఫారం అంచున అద్దాల గోడ ఉంటుంది. రైలు ఆగాకే దాని తలుపులూ, గోడ తలుపులూ కలిసి తెరుచుకుంటాయి. ఎందుకంటారా? మన గుంటూరు మిరపకాయల కోల్డు స్టోరేజీ తలుపు ఊరికే తెరిచి ఉంచరు కదా! ఇక్కడా చల్లగాలి సొరంగంలోకి పోకూడదు. పైగా సొరంగంలో రైలు గాలిని ముందుకి తోసుకుంటూ వస్తుంది. ఆ విసురు మనకి తగలదు, పిల్లలు పట్టాల మీద పడతారన్న భయమూ లేదు. రష్యాలో లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్, 1961లోనే ఒక స్టేషనుకి ఇలాంటి తలుపులు పెట్టింది. 1863లో మొదలైన లండన్ భూగర్భ రైలుకైతే మొదట్లో బొగ్గు ఇంజన్లే. ఆ పొగలో ఆడవాళ్ళు ఎలా వెళ్ళారో!

అయితే ఆ తలుపులు ఎవరి కోసమూ ఆగవండీ. నేను సంచులతో ముందు ఎక్కేశాను. వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దానికి అవతల అత్తయ్యగారు, ఇవతల నేను. ఆవిడ దగ్గర ఫోనూ లేదు, అరవం ముక్కా రాదు. నా కాళ్ళు వణికిపోయాయంటే నమ్మండి. తర్వాతి స్టేషనులో దిగి వెనక్కి వచ్చేసరికి, ఎవరో తమిళావిడ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

తప్పు నాదే. పెద్దవాళ్ళనీ, పిల్లల్నీ ముందు ఎక్కించాలి. "విడిపోతే మీరు కదలకండి, నేనే వెనక్కి వస్తాను" అని పైనే చెప్పుకోవాలి. ఒక చీటీ మీద ఫోను నంబరు రాసి వాళ్ళ కొంగున ముడివెయ్యండి. కదిలే మెట్ల మీద కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకోండి. లిఫ్టు కూడా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అత్తయ్యగారు నన్ను ముందు లిఫ్టులోకి వెళ్ళనివ్వలేదు, తనే ముందు ఎక్కారు.