గేరు జారుతోందా... నూనె చూడండి!

అమెరికా వెళ్లిన మనవాళ్లలో చాలామంది కొనే మొదటి కారు పాతదే. అందులోనూ హోండా అకార్డ్‌ అంటే కళ్లు మూసుకుని కొనొచ్చన్న పేరుంది. ఇంజిన్‌ వరకూ ఆ మాట నిజమే. ఆటోమేటిక్‌ గేర్‌బాక్స్‌ దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త కళ్లు తెరవాలి... ముఖ్యంగా అది 2003, 2004 మోడల్‌ ఆరు సిలిండర్ల కారైతే.

ఆ మోడళ్లు సహా సుమారు 11 లక్షల వాహనాల్ని హోండా 2004లో వెనక్కి పిలిచింది. రెండో గేరు దగ్గర వేడి పెరిగి పళ్లు విరగొచ్చు, గేర్‌బాక్స్‌ ఉన్నట్టుండి బిగుసుకుపోవచ్చు. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్తున్నప్పుడు అలా జరిగితే? అందుకే 15 వేల మైళ్లలోపు తిరిగిన కార్లలో ఆ గేరు మీద నూనె పడే ఏర్పాటు చేశారు. ఎక్కువ తిరిగినవాటిలో గేరు రంగు మారి ఉంటే గేర్‌బాక్సే మార్చారు. మీరు కొనే కారుకి ఆ పని జరిగిందో లేదో ఛాసిస్‌ నంబరు చెప్పి డీలర్‌ని అడగండి.

గేరు జారడం తెలిసిపోతుంది. ఇంజిన్‌ అరుస్తుంది, కారు మాత్రం కదలనంటుంది. డ్రైవ్‌లో వేశాక ఒకట్రెండు సెకన్లు ఆలోచించి దబ్బున కదులుతుంది. లోపల క్లచ్‌ పలకల్ని నొక్కిపట్టేది నూనె ఒత్తిడే మరి! నూనె పాడైతే పట్టు తగ్గుతుంది, జారేకొద్దీ వేడెక్కి ఇంకా పాడవుతుంది.

అయితే ప్రతి కుదుపూ గేర్‌బాక్స్‌ పోయినట్టు కాదు. ఇంజిన్‌ మౌంటింగు విరిగినా దబ్బుమంటుంది. డ్యాష్‌బోర్డు మీద ‘డి’ దీపం మిణుకుమిణుకుమంటే ప్రెషర్‌ స్విచ్చో సోలినాయిడో కావచ్చు. గేర్‌బాక్స్‌ ధరతో పోలిస్తే ఇవెంత? ముందు కంప్యూటర్‌ పెట్టి కోడ్‌ చూడమనండి.

నూనె ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగి మాడు వాసనొస్తే అనుమానించాల్సిందే. చాలా కార్లలో ఇంజిన్‌ నడుస్తుండగా చూస్తే, ఇందులో మాత్రం బాగా వేడెక్కాక ఆపేసి, ఒకటిన్నర నిమిషంలోపే చూడాలి. మార్చేటప్పుడు బయటికొచ్చేది దాదాపు మూడు లీటర్లే, మిగతాది టార్క్‌ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి మధ్యమధ్య కాస్త నడుపుతూ మూడుసార్లు మార్చాలి. జడ్‌-1 బదులు వచ్చిన డీడబ్ల్యూ-1 నూనే పోయించండి.

ఇప్పటికే బాగా జారుతుంటే నూనెతో లాభం లేదు. బాగుచేయించే ఖర్చు కారు ధరనే మించిపోవచ్చు. తుక్కు యార్డు నుంచి చవగ్గా తెచ్చి బిగిస్తామంటే, అది ఏ సంవత్సరపు కారుదో అడగందే ఒప్పుకోకండి.