క్షయ పరీక్షలో చేయి ఎందుకు వాచుతుంది?

క్షయక్రిమి సోకినదీ లేనిదీ తెలిసికొనడానికి వైద్యులు చేసే పరీక్షలలో ఒకటి మాంటూ పరీక్ష. ముంజేతి లోపలివైపు, సూది కండలోనికి దిగకుండా, చర్మంలోనే పైపైన ఒక ద్రవాన్ని ఎక్కిస్తారు. దాని పరిమాణం మిల్లీలీటరులో పదోవంతు మాత్రమే. ఎక్కించిన క్షణాన చర్మం చిన్న బొబ్బవలె ఉబ్బి, కొద్దిసేపటికే అణగిపోతుంది. ఆనాడు మరేమీ కనిపించదు. రెండవ దినానికో, మూడవ దినానికో కొందరి చేతిమీద ఆ చోట ఎర్రగా, గట్టిగా, వేలితో తడిమితే అంచు తెలిసేటట్లు ఒక దిమ్మ కడుతుంది. మరికొందరి చేయి ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంటుంది. వైద్యుడు కొలిచేది ఎరుపును కాదు, ఆ గట్టిదనాన్ని. అడ్డంగా 10 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని ఉంటే, ఆ మనిషి ఒంట్లో క్షయక్రిమి ఎప్పుడో ప్రవేశించి ఉంటుందని మన దేశంలో సాధారణంగా భావిస్తారు.

ఎక్కించిన ద్రవంలో క్రిములు లేవు. క్షయక్రిములను పెంచి, వేడితో చంపి, వాటినుండి వేరుచేసిన మాంసకృత్తులు మాత్రమే ఉన్నవి. దీనికి ట్యూబర్క్యులిన్ అని పేరు. ప్రాణంలేని ఈ పదార్థం వల్ల ఎవరికీ క్షయ రాదు. మరి చేయి ఎందుకు వాచుతుంది? వాచేదేదో అప్పుడే వాచక రెండు దినాలు ఎందుకు ఆగుతుంది? దోమ కుట్టినచోట నిమిషాలలో దద్దురు లేచి, చాలామందిలో గంట రెండు గంటలలో మాయమవుతుంది. ఇక్కడ అట్లా కాదు. ఈ ఆలస్యానికి కారణం వెతుకుతూ పోతే, మన దేహం క్షయను ఏ విధంగా ఎదుర్కొంటున్నదో చాలావరకు బోధపడుతుంది.

క్షయక్రిమిని కనుగొన్న సంగతిని రాబర్టు కాక్ 1882 మార్చి 24న బెర్లినులో ప్రకటించాడు. 1890లో అతడే ట్యూబర్క్యులినును తయారుచేసి, క్షయకు మందు దొరికిందన్నాడు. రోగులు తండోపతండాలుగా బెర్లినుకు తరలివచ్చారు. మందు వారి రోగాన్ని కుదర్చలేదు సరికదా, కొందరికి జ్వరం హెచ్చి ప్రాణం మీదికి వచ్చింది. మరణించినవారు కూడా ఉన్నారు. అయితే ఒక విషయం మాత్రం స్పష్టపడింది. క్రిమి సోకనివారిని ఏమీ చేయని ద్రవం, సోకినవారిలో తీవ్రంగా పనిచేస్తున్నది. మందుగా పనికిరానిది పరీక్షగా పనికివచ్చింది. వియన్నాలో పిల్లల వైద్యుడు పిర్కే 1907లో చర్మాన్ని కొద్దిగా గీరి ట్యూబర్క్యులిన్ చుక్క వేసే పద్ధతిని, మరుసటి ఏడు ఫ్రాన్సులో మాంటూ సూదితో ఎక్కించే పద్ధతిని ప్రవేశపెట్టారు. నేటికీ నిలిచినది ఈ రెండవది.

పరీక్ష వచ్చింది గాని, దాని కారణం అంతుపట్టడానికి మరి నలభై ఏళ్లు పట్టింది. ఆ కాలపు శాస్త్రజ్ఞుల దృష్టి అంతా రక్తరసి మీద ఉండేది. రక్తం గడ్డకట్టిన తరువాత పైకి తేరే పసుపుపచ్చని నీరే రక్తరసి. కంఠసర్పి, ధనుర్వాతం క్రిముల విషాలను విరిచే ప్రతిరక్షకాలు ఈ రసిలో ఉంటవని బేరింగ్, కితసాతో 1890లో నిరూపించారు. రోగాన్ని గెలిచిన జంతువు రసిని మరొక జంతువుకు ఎక్కిస్తే, దానికీ రక్షణ వచ్చేది. క్షయలో మాత్రం ఈ కిటుకు పారలేదు. ట్యూబర్క్యులినుకు వాపు వచ్చే జంతువు రసిని ఎంత ఎక్కించినా, రెండవ జంతువుకు ఆ గుణం రాదు.

1945లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మెరిల్ చేస్ అనే శాస్త్రజ్ఞుడు రసిని విడిచి కణాలను పట్టుకొన్నాడు. ట్యూబర్క్యులినుకు స్పందించే గినీపందుల కడుపుకుహరంలోనుండి తెల్లకణాలను తీసి, కడిగి, క్షయక్రిమిని ఏనాడూ ఎరుగని గినీపందులకు ఎక్కించాడు. తరువాత ట్యూబర్క్యులినుతో పరీక్షిస్తే, వాటి చర్మం కూడా ఎరిగినట్లే వాచింది. ఇంత చిన్న ప్రయోగంతో ఇంత పెద్ద సందేహం తీరడం విజ్ఞానచరిత్రలో తరచుగా జరిగేది కాదు. క్షయను గూర్చిన జ్ఞాపకం రసిలో కరిగి లేదు. అది కణాలలోనే ఉండి, కణాలతోనే ప్రయాణం చేస్తుంది.

ఆ కణాలు లింఫోసైటులనే తెల్లకణాలు. వీటిలో ఒక తెగ ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉన్న థైమస్ గ్రంథిలో పెరిగి పెద్దదవుతుంది. ఈ గ్రంథి ఎందుకున్నదో 1961 వరకు ఎవరికీ సరిగా తెలియదు. లండనులో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చుంచెలుకలకు ఆ గ్రంథిని తీసివేసి చూశాడు. వాటి రక్తంలో లింఫోసైటులు తగ్గిపోయినవి; పరాయి ఎలుక చర్మాన్ని అతికించినా దేహం దానిని త్రోసివేయలేకపోయింది. థైమస్ పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి ఈ తెగకు టి-కణాలని పేరు వచ్చింది.

ఒక్కొక్క టి-కణం గుర్తుపట్టగలిగేది ఏదో ఒక మాంసకృత్తు తునకనో, దాని వంటివాటినో మాత్రమే. ఒంట్లో టి-కణాలు కోట్లకొలది ఉన్నా, క్షయక్రిమి తునకను గుర్తించగలిగేవి మొదట బహు కొద్ది. క్రిమి ప్రవేశించిన తరువాత అవి విభజన చెంది వేలు, లక్షలు అవుతవి. వాటి సంతతిలో కొన్ని ఏళ్ల తరబడి బ్రతికి, రక్తంలోను కణజాలాలలోను తిరుగుతూ ఉంటవి.

ఇక చేతి దగ్గరకు వద్దాం. ట్యూబర్క్యులినును చర్మంలోని భక్షక కణాలు మింగి, తునకలు చేసి, తమ ఉపరితలం మీద పెట్టి చూపుతవి. అటు తిరుగుతూ వచ్చిన టి-కణాలలో ఏదో ఒకటి దానిని గుర్తుపట్టవలె. ఇందుకు కొన్ని గంటలు పడుతుంది. గుర్తుపట్టిన కణం కొన్ని రసాయనాలను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో దగ్గరి రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని ఇతర తెల్లకణాలు వేలకొలదిగా బయటికి వచ్చి అక్కడ చేరుతవి. ఈ గుంపు కూడడానికి రెండు దినాలు కావలె. దోమకాటు దద్దురులో ఊరేది ఎక్కువగా నీరు. అది వెంటనే ఊరుతుంది, వెంటనే ఇంకుతుంది. మాంటూ దిమ్మలో ఉన్నది కణాల గుంపు. వేలికి గట్టిగా తగలడానికి కారణం అదే.

చేతిమీద బూటకపు శత్రువుతో జరిగేదే ఊపిరితిత్తిలో అసలు శత్రువుతో జరుగుతుంది. పాఠ్యపుస్తకాలలో తెల్లకణాలను సైనికులతో పోల్చి, క్రిములను అవి మింగి చంపుతవని వ్రాయడం పరిపాటి. మెచ్నికాఫ్ 1882లో మెస్సీనా తీరాన నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడాన్ని చూసినప్పటినుండి ఈ పోలిక ఉన్నది. చాలా రోగాలకు ఇది చెల్లుతుంది. క్షయ విషయంలో మాత్రం పిల్లలకు ఇంతే చెప్పి ఊరుకుంటే పొరపాటు అర్థం కలుగుతుంది.

రోగి దగ్గినప్పుడు గాలిలోనికి లేచే అతి సన్నని తుంపరలలో క్షయక్రిములు ఉంటవి. అవి ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులను చేరగానే అక్కడి పెద్ద భక్షక కణాలు మ్రింగివేస్తవి. మామూలు క్రిమి అయితే భక్షక కణంలోని జీర్ణరసాలు దాని మీద పడి దాని పని ముగిసేది. క్షయక్రిమి ఆ రసాలు తనను చేరకుండా అడ్డగించి, మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. దానికి తొందర లేదు. పేగులలోని కొన్ని సూక్ష్మజీవులు అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకొకసారి రెండింతలైతే, క్షయక్రిమి రెండింతలు కావడానికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. ప్రతిరక్షకాలు కణం బయట తిరిగేవే గాని లోపలికి పోలేవు. రసి ఇక్కడ ఎందుకు ఓడిపోయిందో దీనిని బట్టి కొంత ఊహించవచ్చును.

ఇంతలో, కొమ్మలవలె చేతులు చాచుకొని ఉండే మరొక జాతి కణాలు క్రిమి తునకలను తీసికొని సమీపంలోని లింఫు గ్రంథులకు పోతవి. వీటిని 1973లో రాక్‌ఫెల్లర్ సంస్థలోనే రాల్ఫ్ స్టైన్‌మన్ వర్ణించాడు. ఇందుకు 2011లో నోబెల్ బహుమానం ప్రకటించేనాటికి అతడు మరణించి మూడు దినాలైంది. ఆ సంగతి బహుమాన సంఘానికి అప్పటికి తెలియదు. గ్రంథులలో ఈ కణాలు చూపిన తునకను గుర్తించిన టి-కణాలు పెరిగి ఊపిరితిత్తికి చేరడానికి వారాలు పడుతుంది. క్రిమి సోకిన తరువాత రెండు మొదలు ఎనిమిది వారాల వరకు మాంటూ పరీక్షలో చేయి వాచకపోవడం ఈ కారణం చేతనే.

టి-కణాలు వచ్చిన తరువాత కథ మారుతుంది. ఇవి విడిచే ఇంటర్‌ఫెరాన్-గామా అనే పదార్థం భక్షక కణాలకు కొత్త శక్తి ఇస్తుంది. అంతవరకు క్రిమికి ఇల్లుగా ఉన్న కణం దానిని చంపగలిగే కణంగా మారుతుంది. అయినా అన్ని క్రిములూ చావవు. మిగిలినవాటి చుట్టూ భక్షక కణాలు ఒకదానినొకటి ఒరసికొని పేర్చినట్లు నిలుస్తవి, వాటి వెలుపల టి-కణాలు చుట్టుకొంటవి. ఈ చిన్న బుడిపెకే ట్యూబర్కిల్ అని పేరు. రోగానికి ఇంగ్లీషు పేరు దీని నుండే వచ్చింది. నడుమ చచ్చిన కణజాలం జున్నువలె మెత్తగా ఉంటుంది. కాలక్రమాన కొన్ని బుడిపెలలో సున్నపు లవణాలు చేరి గట్టిపడుతవి; ఎక్స్-రే పటంలో అవే తెల్లని చుక్కలుగా కనిపిస్తవి.

కనుక క్షయలో దేహం చేసేది చాలావరకు సంహారం కాదు, నిర్బంధం. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వారిలో జీవితకాలంలో రోగులయ్యేవారు నూటికి అయిదు మొదలు పదిమంది. మిగిలినవారికి దగ్గు లేదు, జ్వరం లేదు. వారి వల్ల మరొకరికి అంటుకోదు. చేయి వాచినంత మాత్రాన రోగి అని బెంగపడనక్కరలేదనడానికి ఆధారం ఇదే.

ఈ గోడ కట్టి వదిలివేసిన గోడ కాదు. కణాలు చచ్చే కొద్దీ కొత్తవి వచ్చి నిలబడవలె. కాపలా సడలితే ఏమవుతుందో తెలిపే ఉదాహరణలు ఉన్నవి. పొంగు వచ్చిన పిల్లలలో ట్యూబర్క్యులిన్ వాపు కొంతకాలం మాయమవడాన్ని పిర్కే 1908లోనే గమనించాడు. హెచ్.ఐ.వి. సోకినవారిలో టి-కణాలే నశిస్తవి కాబట్టి, వారిలో క్షయ అనేకరెట్లు ఎక్కువగా బయటపడుతుంది. అటువంటివారి చేయి వాచకపోయినా క్రిమి లేదని చెప్పడానికి వీలు లేదు. మూడవ ఉదాహరణ వైద్యం వల్ల వచ్చింది. కీళ్లవాపు రోగానికి, భక్షక కణాలు విడిచే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని విరిచే మందు ఒకటి వచ్చింది. కీళ్ల నొప్పులు తగ్గినవి. కాని 2001లో, ఆ మందు తీసికొన్న 70 మందిలో క్షయ బయటపడిన సంగతిని వైద్యులు ప్రకటించారు. వీరిలో చాలామందికి కొద్దివారాల మందుతోనే రోగం వచ్చింది. ట్యూబర్కిల్ గోడను నిలిపి ఉంచే సున్నం వంటిది టి.ఎన్.ఎఫ్. అని, తెలియక దానిని తీసివేసినప్పుడు తెలిసింది. నేడు ఆ మందు ఇచ్చే ముందు క్షయ పరీక్ష చేయడం ఆచారమైంది.

కాపలా మితిమీరినా ప్రమాదమే. రోగి ఊపిరితిత్తిలో ఏర్పడే గుంతలను త్రవ్వేది క్రిమి ఒక్కటే కాదు; దాని మీద మూగిన మన కణాలు విడిచే రసాలు కూడ అందుకు కారణం. జున్నువంటి పదార్థం కరిగి శ్వాసనాళంలో పడితే, అందులోని కోట్ల క్రిములు దగ్గుతో బయటికి వస్తవి. కాక్ రోగులకు జరిగినది కూడా ఇటువంటిదే: క్రిమి ఉన్నచోట కణాలను మరింత రెచ్చగొట్టడమే ఆ మందు చేసిన పని.

టి-కణాలకు ముందే పాఠం నేర్పడం కోసం వచ్చినది బి.సి.జి. టీకా. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచివారు పశువుల క్షయక్రిమిని 1908 నుండి పదమూడేళ్లు, పిత్తం కలిపిన బంగాళాదుంప మీద 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని తీవ్రతను పోగొట్టారు. 1921లో మొదటిసారి మనుష్యులకు వాడారు. మన దేశంలో ఈ టీకా పని 1948లో మదనపల్లెలో ప్రారంభమైంది. ఆ ఊరి సమీపాన ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం అప్పటికే పేరు పొంది ఉన్నది. టీకా పసిపిల్లలను మెదడు పొరల క్షయ నుండి, ఒళ్లంతా ప్రాకే క్షయ నుండి కాపాడుతుంది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆపుతుందా అని మద్రాసు దగ్గర చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలైన పెద్ద పరిశోధన ఆశించిన ఫలితం ఇవ్వలేదు. టి-కణాలకు గుర్తు నేర్పితే చాలదనీ, ఇంకా ఏదో కావలెననీ దీనివల్ల తెలుస్తున్నది. ఆ ఏదో కోసమే కొత్త టీకాల అన్వేషణ నడుస్తున్నది.

టీకా వేయించుకొన్నవారి చేయి కూడా ఒక్కొక్కప్పుడు మాంటూ పరీక్షలో వాచుతుంది. టి-కణాలకు రెండు క్రిముల తేడా అంతగా తెలియదు. ఈ చిక్కును తప్పించడానికి, బి.సి.జి. క్రిమిలో లేనివీ క్షయక్రిమిలో ఉన్నవీ అయిన మాంసకృత్తులతో కొత్త పరీక్షలు వచ్చినవి. వీటిలో ఒక రకంలో, ఆ మాంసకృత్తులను రక్తంతో కలిపి గొట్టంలో వెచ్చగా ఒక రాత్రి ఉంచి, టి-కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా విడిచినవా లేదా అని కొలుస్తారు. చేతిమీద రెండు దినాలలో గుంపుగా కనిపించేదాని తొలి మెట్టు, గొట్టంలో తెల్లవారేసరికి తెలుస్తుంది. అయితే ఈ పరీక్ష గాని, మాంటూ పరీక్ష గాని చెప్పేది ఒంట్లోని కణాలు ఆ క్రిమిని ఎరుగునని మాత్రమే. క్రిమి గోడలోపలే ఉన్నదో, గోడ పగిలి బయటికి వచ్చినదో అవి చెప్పలేవు. అందుకోసం, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారి కళ్లెను తీసి క్రిమి కోసం పరీక్షించవలసిందే.