రక్తం ఎక్కించొద్దంటే గుండె ఆపరేషన్ ఎలా?

గుండె ఆపరేషన్ అనగానే ఆసుపత్రిలో మొదట వినిపించే మాటల్లో ఒకటి ‘రక్తదాతలను చూసుకోండి’. మరి రోగే ‘నాకు రక్తం ఎక్కించొద్దు’ అంటే? యెహోవా సాక్షులు విశ్వాసరీత్యా రక్తం తీసుకోరు. ఇన్‌ఫెక్షన్ల భయంతో వద్దనేవారూ ఉన్నారు. రాజమహేంద్రవరమైనా, కాకినాడైనా, భీమవరమైనా ఇలాంటి కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ ఆపరేషన్ చాలామందికి సాధ్యమే, కానీ దానికి ముందు కొన్ని వారాల సన్నాహం కావాలి.

ఇది కొత్త పద్ధతా?
కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ బృందం రక్తం ఎక్కించకుండా చేసిన 542 గుండె, రక్తనాళాల ఆపరేషన్ల వివరాలను 1977లోనే ప్రచురించింది.

ముందు ఏం చేస్తారు?
మత్తు డాక్టరు మొదట చూసేది హిమోగ్లోబిన్. తక్కువుంటే ఐరన్ ఇంజెక్షన్లు, అవసరమైతే ఎరిత్రోపోయిటిన్ ఇస్తారు. ఫలితానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. రక్తం పలుచబరిచే మాత్రలను ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. సొంతంగా ఆపితే ప్రమాదం. పరీక్షలకూ తక్కువ రక్తమే తీస్తారు.

ఆపరేషన్‌లో?
కారిన రక్తాన్ని ‘సెల్ సేవర్’ యంత్రం శుభ్రంచేసి తిరిగి రోగికే ఎక్కిస్తుంది. రక్తస్రావం తగ్గించేందుకు ట్రానెక్సమిక్ యాసిడ్ వాడతారు. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు కాబట్టి వెచ్చగా ఉంచుతారు. హార్ట్-లంగ్ మెషిన్‌లో నింపే ద్రవం రక్తాన్ని పలుచన చేస్తుంది. అందుకే దాన్ని వీలైనంత తగ్గిస్తారు. కొన్ని బైపాస్‌లను ఆ యంత్రం లేకుండానే చేస్తారు.

ఎవరికి కష్టం?
రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, రెండోసారి గుండె ఆపరేషన్ చేయించుకునేవారికి, అత్యవసర కేసులకు ముప్పు ఎక్కువ. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 5 కంటే దిగితే ప్రాణాపాయం బాగా పెరుగుతుంది. ఏపీలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకే ఇక్కడ ముందస్తు సన్నాహం మరింత ముఖ్యం.

చట్టం ఏమంటోంది?
స్పృహలో ఉండి, నిర్ణయం తీసుకోగల వయోజనుల సమ్మతి లేనిదే చికిత్స చేయకూడదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఒకదానికిచ్చిన సమ్మతి మరోదానికి వర్తించదని కూడా స్పష్టం చేసింది. పిల్లల విషయం వేరు. వారి ప్రాణానికి ముప్పుంటే కోర్టు జోక్యం చేసుకోవచ్చు.

ఆసుపత్రిలో ఏం అడగాలి?
* సెల్ సేవర్ ఉందా? రక్తం లేకుండా చేసిన అనుభవం మత్తు డాక్టరుకూ, సర్జన్‌కూ ఉందా?
* ఆల్బుమిన్, గడ్డకట్టే ఫ్యాక్టర్లు, సెల్ సేవర్‌లలో దేనికి ఒప్పుకుంటారో రోగే స్వయంగా రాసివ్వాలి. ప్రాణాపాయం వచ్చినా మాట మారదా అన్నదీ అందులో ఉండాలి.
* ఈ యంత్రం, ఇంజెక్షన్ల ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలోకి వస్తుందా? ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగాలి.
* ఇక్కడ వీలుకాకపోతే ఎక్కడికి పంపుతారు?

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక ‘రక్తం వద్దు’ అంటే హిమోగ్లోబిన్ పెంచడానికి వ్యవధి ఉండదు. ఈ మాట మొదటి ఓపీ రోజే డాక్టరుకు చెప్పాలి.