గుట్ట వేరు, దిబ్బ వేరు

రామగుండం, గోదావరిఖని పరిసరములలో కనబడు ఎత్తులన్నియు ఒక తీరువి కావు. కొన్ని ప్రకృతి సిద్ధమైన గుట్టలు. మరికొన్ని సింగరేణి ఉపరితల గనులలో బొగ్గు పైనున్న మట్టిని, ఇసుకరాతిని తవ్వి పోయగా పెరిగిన దిబ్బలు. తెలుగువారు దిబ్బ అన్నను, ఉర్దూవారు టీలా అన్నను వస్తువు ఒక్కటే. నాలుగు వానలు పడి పచ్చిక మొలిచిన పిమ్మట దూరమునుండి చూచువారికి గుట్టకును దిబ్బకును భేదము తోచదు. కాని దాని పాదమున ఇల్లు కట్టుకొనదలచిన కుటుంబమునకు ఈ భేదము తెలిసియుండుట అత్యవసరము.

గుట్టలోని రాయి యుగముల తరబడి ఒత్తిడికి లోనై గట్టిపడినది. దిబ్బలో రాతి పెళ్లలు, ఇసుక, బంకమన్ను కలగాపులగముగా, వదులుగా ఉండును. కణములు ఒకదానినొకటి ఒరసికొని పట్టియుండుటచేతనే వాలు నిలుచుచున్నది. కణముల నడుమ నీరు నిండినప్పుడు దాని ఒత్తిడి ఆ పట్టును సడలించును. పైగా మట్టి బరువు పెరుగును. అందువలననే ముసురు పట్టిన దినములలో వాలును ఎక్కువగా కనిపెట్టవలెను.

1966 అక్టోబరు 21న వేల్స్ దేశములోని అబర్‌ఫాన్ గ్రామముపై బొగ్గుగని వ్యర్థముల దిబ్బ జారిపడి 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు. ఆ దిబ్బను నీటి ఊటలున్న చోట పోసియుండిరి. అట్లని సహజమైన కొండ ఎల్లప్పుడును క్షేమమని తలపరాదు. 2024 ఆగస్టు 31న భారీ వర్షములకు విజయవాడ మొగల్రాజపురములో కొండచరియలు ఇండ్లపై పడి ప్రాణనష్టము జరిగినది. రాతి పగుళ్లలో దిగిన నీరు కూడ బండలను కదలించగలదు.

మరి ఇంటి స్థలమును పరీక్షించుట ఎట్లు? మొదట మట్టిని చూడవలెను. గాజుసీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి ఒక దినము కదల్చక ఉంచినచో ఇసుక అడుగున, దానిపై ఒండ్రు, ఆపైన బంకమన్ను పొరలుగా పేరుకొనును. తడిమట్టి అరచేతుల నడుమ సన్నని దారమువలె తెగక సాగినచో అందు బంక అధికమని గ్రహింపవలెను. చలక నేల నీటిని త్వరగా ఇంకించుకొనును. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి గోడలను చీల్చును. రేగడి నేలలకు అనువైన అండర్‌రీమ్డ్ పైల్ పునాదులపై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ విశేష కృషి చేసినది.

పిదప వాలును చూడవలెను. పైభాగమున నెలవంకవలె వంగిన పగులు, ఒరిగిన చెట్లు, స్తంభములు, పాదమున ఉబ్బిన నేల, క్రొత్తగా పుట్టిన ఊట, అకస్మాత్తుగా బురదగా మారిన నీరు, బిగుసుకుపోవు తలుపులు - ఇవి నేల కదలుచున్నదను సూచనలు కావచ్చును. స్థలము చదును చేయుటకై వాలు పాదమును తవ్వుట మిక్కిలి ప్రమాదకరము. పైనున్న బరువును ఆపునది ఆ పాదమే. వాన నీరు వాలులోనికి ఇంకక ప్రక్కకు పోవునట్లు పైన కాలువ తీయవలెను. ఆనుగోడ కట్టినచో వెనుక నీరు నిలువకుండ దానికి రంధ్రములు ఉంచవలెను. ఈ జాగ్రత్తలు గుట్టవాలు ఇంటికే. ఎంత గట్టి గోడ కట్టినను గనిదిబ్బ పాదము నివాసయోగ్యము కాదు.

విద్యార్థి మిత్రులారా! మనలో పలువురి ఇండ్లలో స్థలము కొను ముందు ధరను గూర్చి చర్చింతురే గాని నేలను గూర్చి అడుగువారు అరుదు. చదువుకొన్న బిడ్డ ఆ ప్రశ్న అడుగవలెను. పై సూచనలను తెలుగు, ఉర్దూ భాషలలో వ్రాయించి వానాకాలమునకు ముందే నోటీసు బోర్డుపై పెట్టించవలసినదిగా కళాశాల కమిటీవారికి మనవి చేయుచున్నాము. ఒక సూచన కనబడినను ఆ రాత్రి ఆ ఇంట నిద్రింపరాదు. సామాను తరువాత తెచ్చుకొనవచ్చును.