దద్దు కనిపిస్తుంది, దురద కనిపించదు

సిమెంటు పని చేసేవాళ్ల చేతులు చూస్తే వాళ్ల పనేమిటో తెలిసిపోతుంది. వేళ్ల సందుల్లో పగుళ్లు, చేతి వెనకవైపు మందంగా, గరుకుగా, నల్లబడిన చర్మం, మణికట్టు దాకా గోళ్ల గీతలు. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి ముంబైకి, పుణెకి, ఆ తర్వాత గల్ఫ్ దేశాలకు వలస పోయిన వాళ్లలో ఇలాంటి చేతులు ఎన్నో. ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టిన పాలమూరు (మహబూబ్‌నగర్) లేబరుకు అక్కడ దురద మొదలైతే, చూపించుకోవలసింది తెలుగు రాని డాక్టరుకు.

చర్మం పైకి కనిపించేదే కదా, చూస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. సిమెంటు సంగతే తీసుకుందాం. తడి సిమెంటు గాఢమైన క్షారం, దాని పీహెచ్ 12కి పైనే. చర్మం పైపొర పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, అంటే కాస్త ఆమ్లం. రోజూ సిమెంటు తగిలితే ఆ పైపొర దెబ్బతిని పగులుతుంది. ఇది ఒక జబ్బు. రెండోది ఎలర్జీ. సిమెంటులో అతి కొద్దిగా ఉండే క్రోమియం చర్మంలోంచి లోపలికి పోతే, కొందరి ఒంట్లోని రోగనిరోధక టి కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆపైన తగిలినప్పుడల్లా ఒకటి రెండు రోజులు గడిచాక దద్దు లేస్తుంది. సోమవారం ముట్టుకున్నదానికి బుధవారం దురద పుడితే ఎవరైనా సిమెంటును అనుమానిస్తారా? నిన్న తిన్న వంకాయ కూరనే అంటారు. డెన్మార్క్‌లో 1980ల తొలినాళ్ల నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపి ఈ క్రోమియాన్ని కట్టడి చేశారు. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి పది లక్షల భాగాల్లో 2 భాగాలకు మించకూడదని హద్దు పెట్టింది.

ఈ రెండు జబ్బులూ కంటికి ఒకేలా ఉండవచ్చు. సెలవు రోజుల్లో తగ్గుతుందా, ఊరికి వచ్చినప్పుడు పోతుందా, రబ్బరు గ్లౌజులు వేసుకుంటే ఎక్కువవుతుందా అని అడిగితేనే దారి దొరుకుతుంది. తేల్చి చెప్పడానికి ప్యాచ్ టెస్టు ఉంది. అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపుకు అంటించి, 48 గంటలకు తీసి చూసి, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఈలోగా వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. ఆ ఒక్క మాట అర్థం కాకపోతే పరీక్షంతా వృథా.

పైగా మన ఒంటి రంగు మీద వాపు ఎర్రగా తేలదు. నల్లగానో, ఊదాగానో, బూడిద రంగులోనో కనబడుతుంది. వైద్య పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు తెల్ల చర్మానివే కావడంతో, లండన్‌లో వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే 2020లో నల్లని, చామనచాయ చర్మం మీద జబ్బు గుర్తులు ఎలా ఉంటాయో చూపే చేతిపుస్తకం తెచ్చాడు.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం తెచ్చేది ముందే రాసుకున్న మందు. తామరకు మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పెరుగుతుంది. తామరకుండే గుండ్రటి అంచు చెరిగిపోయి, డాక్టరే పోల్చుకోలేని రూపానికి వస్తుంది. 1968లోనే వైద్యులు ఈ మారువేషానికి పేరు పెట్టారు. మన దేశంలో 2018లో ఎన్నో స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చారు. వాడిన ట్యూబు ఖాళీదైనా సరే డాక్టరు ముందు పెడితే, చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూడాలన్న ఆలోచన వెంటనే వస్తుంది.

పక్కవాడు దుబాసీగా వస్తే? అమెరికాలో గ్లెన్ ఫ్లోరెస్ బృందం స్పానిష్ మాట్లాడే కుటుంబాలతో దుబాసీల ద్వారా సాగిన ఆస్పత్రి సంభాషణలు పదమూడింటిని రికార్డు చేసి పరిశీలించింది. 2003లో ప్రచురించిన ఆ లెక్కలో ఒక్కో సంభాషణకు సగటున 31 అనువాద తప్పులు తేలాయి. ముఖం మీది దద్దుకు ఇచ్చిన క్రీమును ఒళ్లంతా రాయాలని చెప్పడం అందులో ఒకటి. పూతమందుకు మాట అక్కర్లేని కొలత ఉంది. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. లాంగ్, ఫిన్లే అనే వైద్యులు 1991లో చెప్పిన లెక్క ఇది. "ఎంత రాయాలి" అని అడగలేనివారు వేలు చూపించినా చాలు.

మరో పరీక్షకూ భాష అంతగా అక్కర్లేదు. పాలిపోయిన మచ్చ ఉంటే కళ్లు మూయించి, దూది మొన అక్కడక్కడా తాకిస్తారు. తాకిన చోటు వేలితో చూపాలి. మచ్చ మీద తాకినప్పుడు వేలు కదలకపోతే కుష్ఠును అనుమానించాలి. దురద లేదు, నొప్పి లేదు గనుక రోగి తనంతట తాను చెప్పుకోడు. ఆరు నెలలో, పన్నెండు నెలలో మందులు వాడితే నయమయ్యే జబ్బు ఇది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం మాత్రం పూడదు.

కాబట్టి వలస పోయేవారు జబ్బు పేరు వెతుక్కోనక్కర్లేదు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలై ఎటు పాకింది, ఏ పనితో పెరుగుతుంది, ఏం రాశారు, ఏ మందు పడదు, స్పర్శ ఉందా లేదా? ఇవి ఒక కాగితం మీద చాలు. చదువుకున్న కొడుకో, కూతురో హిందీలో, ఇంగ్లిష్‌లో రాసి ఫోన్‌లో పంపవచ్చు. దద్దు లేచిన రోజే వెలుతురులో ఫొటో తీసుకోవాలి, డాక్టరును కలిసే నాటికి అది తగ్గిపోవచ్చు. దేశంలోనే ఉన్నవారికి తెలుగు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడే వీలుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దానికి అనుమతిచ్చాయి. గుంపును తీసుకుపోయే మేస్త్రి, పని ఇచ్చే కాంట్రాక్టరు ఈ కాగితం ప్రతి కూలీ దగ్గరా ఉండేలా చూడాలి. కూలి లెక్క రాసుకున్నంత శ్రద్ధగా దీన్నీ రాయిస్తే, నెలల తరబడి గోక్కుంటూ బతకవలసిన బాధ చాలామందికి తప్పుతుంది.